ఎవరో పంపిన ఫైలు ఎక్కడ తెరవాలి: నా లినక్స్ మార్పు డైరీ

1వ రోజు

పోయిన వారం ఒక క్లయింట్ మెయిల్ ఐడీ నుంచి డాక్యుమెంట్ వచ్చింది. ఆయనతో చాన్నాళ్ళుగా పని చేస్తున్నాను. ఎప్పట్లాగే "చూసి పంపండి" అని రెండు ముక్కలు, కింద అటాచ్‌మెంటు. తెరిచాను. లోపల అక్షరాలేమీ లేవు, మాక్రోలు (డాక్యుమెంట్ లోపల ఉండి నడిచే చిన్న ప్రోగ్రాములు) ఆన్ చేస్తేనే పేజీ కనిపిస్తుందని రాసిన ఒక బొమ్మ మాత్రం ఉంది. ఆన్ చేయలేదు. గంట తర్వాత ఆయనే ఫోన్ చేసి, తన మెయిల్ ఎవరి చేతిలోకో పోయిందని, తన పేరుతో వచ్చినవేవీ ముట్టుకోవద్దని చెప్పారు. నేనప్పటికే తెరిచి మూసేశాను. మాక్రో నడవలేదు కాబట్టి ఏమీ అయ్యుండదనే అనుకుంటున్నాను, కానీ ఆ అనుకోవడం దగ్గరే రాత్రంతా టెన్షన్, ఎందుకంటే ఆ ఫైలు తెరిచిన అదే మెషీన్లో, అదే యూజర్ కింద, నా బ్యాంకు లాగిన్లు, మిగతా క్లయింట్ల ఇంకా అచ్చుకి వెళ్ళని రాతప్రతులు, ఇంట్లో అందరి గుర్తింపు కాగితాల స్కాన్లు ఉన్నాయి.

నా పని ప్రూఫులు దిద్దడం, పేజీలు పెట్టడం. అంటే ఎవరెవరో పంపిన ఫైళ్ళు తెరవడమే నా వృత్తి. తెలియని అటాచ్‌మెంట్లు తెరవకండి అనే సలహా నాలాంటివాళ్ళకి పనికిరాదు, తెరవకపోతే పనే లేదు.

లినక్స్ వాడుతున్నాను కదా, వైరస్‌ల గొడవ ఉండదులే అని చాలా ఏళ్ళు ధీమాగా ఉన్నాను. రూట్ (సిస్టమ్ మొత్తం మీద అధికారం ఉన్న యూజర్) పాస్‌వర్డ్ లేకుండా సిస్టమ్ ఫైళ్ళని ఎవరూ మార్చలేరు, నిజమే. కానీ నాకు విలువైనవేవీ సిస్టమ్ ఫైళ్ళలో లేవు. అన్నీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉన్నాయి, దాన్ని చదవడానికి రూట్ అక్కర్లేదు. సిస్టమ్ చెడితే అరగంటలో మళ్ళీ వేసుకుంటాను. హోమ్ పోతే ఏం వేసుకోను?

అందుకే ఒక నెల ఈ పనికే కేటాయించి, డెస్క్‌టాప్ మొత్తం మార్చేయాలని నిర్ణయించుకున్నాను. నోట్‌బుక్‌లో ముందు భయాలు రాసుకున్నాను: చెడ్డ ఫైలు, లాప్‌టాప్ దొంగతనం, బ్రౌజర్‌లోంచి వచ్చే తంటాలు. నా పేరు, నా చోటు దాచుకోవాల్సిన అవసరం నాకు లేదు, అది కూడా రాసుకున్నాను, ఎందుకంటే దాన్నిబట్టి చూడాల్సిన లినక్స్‌ల జాబితాలో సగం ఎగిరిపోతుంది.

2వ రోజు

కొత్తది వెతికే ముందు ఉన్నదాన్ని పరీక్షించాను. నా డెస్క్‌టాప్ ఇప్పటికీ ఎక్స్11 మీద, అంటే తెర మీద విండోలు చూపించి వాటికి కీలు అందించే పాత పద్ధతి మీద, నడుస్తోంది. ఎక్స్‌ఇన్‌పుట్ అనే చిన్న టూల్ ఉంది. ఒక టెర్మినల్లో దాన్ని మొత్తం తెరని వినే మోడ్‌లో నడిపి పక్కన పెట్టాను. పాస్‌వర్డ్ అడగలేదు, హెచ్చరిక లేదు. తర్వాత బ్రౌజర్ తెరిచి పాస్‌వర్డ్ గడిలో ఎ, ఎస్, డి కీలు వరసగా నొక్కాను. గడిలో మూడు చుక్కలు పడ్డాయి. టెర్మినల్లో 38, 39, 40 పడ్డాయి. అవి ఆ మూడు కీల నంబర్లు.

చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎక్స్11 వచ్చింది 1987లో, ఒకే తెర మీదున్న ప్రోగ్రాములన్నీ ఒకదాన్నొకటి నమ్మొచ్చనే లెక్కతో కట్టిన పద్ధతి అది. అంటే ఆ రోజు ఆ డాక్యుమెంట్లోంచి ఏదైనా నడిచి ఉంటే, నేను ఏ విండోలో ఏం టైప్ చేసినా దానికి వినిపించేది. ఎక్స్11 స్థానంలో వచ్చిన వేలాండ్‌లో ఇలా కుదరదు, ఏ విండో ముందుంటే కీలు దానికే వెళ్తాయి. లినక్స్ రకాల్లో (డిస్ట్రోల్లో) ఒకటైన ఫెడోరా 2016లోనే, 25వ వెర్షన్ నుంచి, దాన్నే డిఫాల్ట్ చేసింది. ఇంకేం చూడకపోయినా ఈ ఒక్క పరీక్ష మీ మెషీన్‌లో చేసి చూడండి.

4వ రోజు

జాబితా వడకట్టే పని. సెక్యూరిటీ లినక్స్ అనగానే అందరూ చెప్పేది కాలీ. అది నెట్‌వర్కుల్లో లోపాలు వెతికేవాళ్ళ పనిముట్ల పెట్టె, మన తలుపుకి వేసుకునే తాళం కాదు. పక్కన పెట్టాను. టెయిల్స్ నాకు చాలా గౌరవం ఉన్న ప్రాజెక్టు: 2009 నుంచి ఉంది, పెన్‌డ్రైవ్ మీంచి బూట్ అవుతుంది, నెట్‌కి వెళ్ళేదంతా టోర్ (మనమెవరో, ఎక్కడున్నామో దాచే నెట్‌వర్క్) గుండానే పంపుతుంది, ఆపేయగానే మర్చిపోతుంది, 2024లో టోర్ ప్రాజెక్టులోనే కలిసిపోయింది. ఎవరు, ఎక్కడి నుంచి అన్నది బయటపడకూడని విలేకరికి అది ప్రాణరక్ష. రోజూ పది గంటలు అవే ఫైళ్ళ మీద కూర్చునే నాకు కాదు. హూనిక్స్ కూడా టోర్ కోసమే, కాకపోతే అందులో ఒక ఆలోచన పట్టుకున్నాను: నెట్ నడిపే మెషీన్ వేరు, పని చేసే మెషీన్ వేరు, పని మెషీన్ శత్రువు చేతికి చిక్కినా అసలు ఐపీ (నెట్‌లో మన చిరునామా) ఏంటో దానికే తెలియదు.

మిగిలినవి డెబియన్, ఫెడోరా సిల్వర్‌బ్లూ, క్యూబ్స్.

డెబియన్ గురించి చాలాసేపు ఆలోచించాను. 10వ వెర్షన్ నుంచి, అంటే 2019 నుంచి, యాప్‌ఆర్మర్ (ఏ ప్రోగ్రాము ఏ ఫైళ్ళు ముట్టుకోవచ్చో కట్టడి చేసేది) ముందే ఆన్‌లో వస్తుంది. పైగా కంగారు పడని డిస్ట్రో. 2024 మార్చి చివర ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ళు కుదించే లైబ్రరీలో దొంగ తలుపు బయటపడ్డ సంగతి గుర్తుందా, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషీన్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్ అర సెకను ఎక్కువ తీసుకుంటోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వితే దొరికింది, అది అప్పటికే 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఉంది. డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖల్లోకి వచ్చేసింది, స్టేబుల్‌లోకి మాత్రం రాలేదు. ఎప్పటికప్పుడు సరికొత్త ప్యాకేజీలిచ్చే రోలింగ్ డిస్ట్రోల మీద నాకున్న మోజు ఆ వారంతో పోయింది. అయితే డెబియన్‌లో యాప్‌ఆర్మర్ ఆన్‌లో ఉన్నంత మాత్రాన అన్నిటికీ కళ్ళెం ఉన్నట్టు కాదు. లైవ్ పెన్‌డ్రైవ్‌లో స్టేటస్ చూస్తే, నడుస్తున్న డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో ఎక్కువవాటికి అసలు ప్రొఫైలే, అంటే నియమాల పట్టికే, లేదు.

6వ రోజు

డౌన్‌లోడ్లు. ఈ మెట్టుని చాలామంది దాటేస్తారు, నేనూ ఇన్నేళ్ళు దాటేశాను. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ సైటులోకి ఎవరో చొరబడి, 17.3 సిన్నమన్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు) లింకుని తాము దొంగ తలుపు పెట్టిన ఫైలు వైపు తిప్పారు. అలాంటప్పుడు అదే సైటులో ఉన్న చెక్‌సమ్‌తో (ఫైలు మారలేదని చూసుకునే అక్షరాల వరసతో) పోల్చుకుంటే ఏం లాభం, ఫైలు మార్చినవాడు పక్కనున్న చెక్‌సమ్‌ని కూడా మార్చేయగలడు. తయారుచేసినవాళ్ళ డిజిటల్ సంతకం చూడాలి, ఆ సంతకం చేసిన కీ అసలైనదేనా అని వేరే దారిలో కూడా చూడాలి.

క్యూబ్స్ మాస్టర్ కీ ఫింగర్‌ప్రింట్‌ని, అంటే ఆ కీని గుర్తుపట్టే అక్షరాల వరసని, ఇంటి నెట్‌లో ఒకసారి, ఫోన్ డేటా మీద ఒకసారి, ఒక స్నేహితుడి దగ్గరున్న పాత కాపీలో ఒకసారి చూశాను. 40 అక్షరాలూ కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టాను. చివరి 8 అక్షరాలు మాత్రమే చూస్తే చాలదు, అంతవరకు సరిపోయే దొంగ కీ తయారు చేయడం పెద్ద పనేం కాదు. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది.

7 నుంచి 11

పాత లాప్‌టాప్ మీద సిల్వర్‌బ్లూ వేశాను. నాకు నిజంగా నచ్చింది. సిస్టమ్ భాగం దాదాపు మొత్తం చదవడానికే, రాయడానికి వీల్లేదు. అప్‌డేట్ అంటే పాతదాని మీద పూత పూయడం కాదు, పక్కన కొత్త ప్రతి తయారై, రీస్టార్ట్ చేసినప్పుడు దానిలోకి వెళ్తాం, నచ్చకపోతే వెనక్కి. కావాలనే ఒకసారి వెనక్కి వెళ్ళి చూశాను, ఒక్క రీస్టార్ట్‌తో నిన్నటి సిస్టమ్ నిన్నట్లాగే వచ్చింది. వేలాండ్ కాబట్టి ఎక్స్‌ఇన్‌పుట్ పరీక్షలో బ్రౌజర్ కీలు పడలేదు.

రెండు విషయాలు మాత్రం తెలుసుకుని పెట్టుకోవాలి. ఒకటి, ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంటుంది కానీ డిఫాల్ట్ జోన్‌లో 1025 నుంచి 65535 వరకు పోర్టులన్నీ (నెట్ నుంచి లోపలికి వచ్చే ద్వారాలు) తెరిచే ఉంటాయి. పబ్లిక్ జోన్‌కి మార్చాను, నాకేమీ ఆగలేదు. రెండోది సెలినక్స్, యాప్‌ఆర్మర్ లాంటి కట్టడే. అమెరికా ఎన్‌ఎస్‌ఏ 2000లో బయటపెట్టిన పద్ధతి ఇది, ఫెడోరాలో పూర్తిగా అమల్లో ఉంటుంది, అందుకే దీనిమీద చాలా ఆశ పెట్టుకున్నాను. కానీ నా సొంత యూజర్‌కి ఏ లేబుల్ ఉందో అడిగితే "అన్‌కన్‌ఫైన్డ్" (కట్టడి లేదు) అని వచ్చింది. సర్వీసుల మీద కాపలా గట్టిగానే ఉంది, కంటైనర్ల మీద ఉంది. నేను తెరిచే ప్రోగ్రాముల జోలికి మాత్రం ఆ కాపలా దాదాపు రాదు. నా సమస్యేమో అక్కడే ఉంది.

12వ రోజు

సరే, ఆ కాపలా పని ఫ్లాట్‌ప్యాక్ (లినక్స్‌లో యాప్‌లు వేసుకునే ఒక పద్ధతి) శాండ్‌బాక్స్, అంటే ప్రోగ్రాముని విడిగా బంధించే గోడ, చేస్తుంది కదా అనుకున్నాను. లిబ్రేఆఫీస్‌కి ఇచ్చిన అనుమతులు తెరిచి చూశాను. ఫైల్‌సిస్టమ్ దగ్గర "హోస్ట్" అని ఉంది. అంటే నా ఫోల్డర్లన్నీ దానికి తెరిచే ఉన్నాయి. ఆఫీస్ ప్రోగ్రాముకి ఏ ఫోల్డర్‌లోని ఫైలైనా తెరవాల్సి వస్తుంది కాబట్టి అలా ఇచ్చారు, అర్థం చేసుకోగలను, కానీ శాండ్‌బాక్స్ అనే మాట చూసి నేను ఊహించుకున్నది ఇది కాదు.

ఆ అనుమతి తీసేశాను, నెట్ కూడా తీసేశాను. పర్వాలేదు, బాగానే నడిచింది: ఫైల్ ఓపెన్ డైలాగ్‌లో నేను ఎంచుకున్న ఫైలు మాత్రమే దానికి అందుతుంది, మిగతావి కనబడవు. మీరు వేరే డిస్ట్రోలో ఉన్నా ఫ్లాట్‌ప్యాక్ వాడుతుంటే ఈ రోజే ఈ పని చేయండి, ఫ్లాట్‌సీల్ అనే యాప్‌లో రెండు స్విచ్‌లు, అంతే.

చాలామందికి ఇక్కడితో ఆగిపోవచ్చు, అది మంచి చోటే. నాకు మాత్రం ఒక సందేహం వదల్లేదు. ఇందులో అన్ని ప్రోగ్రాములకీ కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయలాంటి భాగం) ఒక్కటే. కెర్నెల్‌లో ఒక్క లోపం దొరికితే మధ్యలో గోడలున్నా లేనట్టే. బ్యాంకు బ్రౌజర్, తెలియనివాళ్ళ ఫైలు, రెండూ ఆ ఒక్క కెర్నెల్ మీదే నడుస్తాయి.

15వ రోజు

క్యూబ్స్. జొవానా రుట్‌కోవ్‌స్కా అనే సెక్యూరిటీ పరిశోధకురాలు మొదలుపెట్టారు, 2010లో ప్రకటించారు, 1.0 వచ్చింది 2012లో. దీని వెనకున్న ఆలోచన నాకు మొదటిసారి చదివినప్పుడే మనసులో నాటుకుంది: ప్రోగ్రాముల్లో లోపాలు ఉంటూనే ఉంటాయి, అన్నిటినీ సరిచేయడం ఎవరివల్లా కాదు, కాబట్టి ఒక గదిలో నిప్పంటుకుంటే పక్క గదికి పాకకుండా గోడలు కట్టుకుందాం. గోడలు కట్టేది జెన్ హైపర్‌వైజర్, అంటే ఒకే కంప్యూటర్‌లో విడివిడి మెషీన్లు నడిపే ప్రోగ్రాము. ఒక్కో గది ఒక్కో వర్చువల్ మెషీన్, దేని కెర్నెల్ దానిదే. వైఫై కార్డు ఒక గదిలో, యూఎస్‌బీ ఇంకో గదిలో. అన్నిటినీ నడిపే డామ్‌0కి నెట్ కనెక్షనే లేదు. జెన్‌లోనూ లోపాలు బయటపడుతూనే ఉంటాయి, వాటి గురించి బులెటిన్లు వస్తాయి, అవి చదవడం ఇకనుంచి నా పనుల్లో ఒకటి.

పాత లాప్‌టాప్‌లో ఇన్‌స్టాలర్ మొదట్లోనే హెచ్చరిక చూపించింది. ప్రాసెసర్‌లో వీటీ-డీ లేదు. అది లేకపోతే వైఫై కార్డులాంటి పరికరాన్ని ఒక గదికి సురక్షితంగా కట్టేసే పని కుదరదు. కాబట్టి పని లాప్‌టాప్‌నే వాడక తప్పలేదు. డేటా అంతా రెండు డిస్కుల్లోకి కాపీ చేసి, ర్యామ్ 16 నుంచి 32 జీబీకి పెంచి, 4.2 వెర్షన్ వేశాను. 16తో కూడా నడుస్తుంది, కానీ ఆరేడు గదులు ఒకేసారి తెరిచిపెట్టే అలవాటుకి 32 ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది. సెక్యూర్ బూట్ (బూట్ ఫైళ్ళని ఎవరూ మార్చలేదని చూసే ఏర్పాటు) ఆపేయాల్సి వచ్చింది, ఈ వెర్షన్ దానితో నడవదు. ఇది నాకు నచ్చలేదు, కానీ నా లాప్‌టాప్‌ని ఎవరో విప్పి బూట్ ఫైళ్ళు మారుస్తారనే భయం నా జాబితాలో లేదు. మీ జాబితాలో అదే మొదటిదైతే నా నిర్ణయం మీకు పనికిరాదు.

16 నుంచి 19

గదులు ఇలా చేసుకున్నాను: మెయిల్, పని, బ్యాంకు, బజారు, బీరువా. బజారు అంటే ఊరికే నెట్‌లో తిరగడానికి, దాని విండో అంచు ఎరుపు. బ్యాంకుది ఆకుపచ్చ. బీరువాకి నెట్ లేదు, అంచు నలుపు, పాస్‌వర్డ్‌లు, ఇంటి కాగితాలు అందులోనే. ఎక్స్‌ఇన్‌పుట్ పరీక్ష మళ్ళీ చేశాను. ఎర్ర విండోలో దాన్ని నడిపి, ఆకుపచ్చ విండోలో టైప్ చేశాను. ఎర్ర విండోలో ఒక్క అంకె కూడా పడలేదు. 2వ రోజు నుంచి నేను చూడాలనుకున్నది ఇదే.

అసలు విషయానికొస్తే: మెయిల్ గదిలో వచ్చిన అటాచ్‌మెంట్ మీద రైట్ క్లిక్ చేసి, డిస్పోజబుల్‌లో చూడు అంటే, ఒక కొత్త వర్చువల్ మెషీన్ పుట్టి, ఫైలు అందులో తెరుచుకుంటుంది. నా మెషీన్లో పది, పదిహేను సెకన్లు పడుతుంది. విండో మూస్తే ఆ మెషీనే ఉండదు. డిఫాల్ట్‌గా దానికి నెట్ ఉంటుంది, నేను తీసేశాను. లోపల ఏ మాక్రో నడిచినా దానికి దొంగిలించడానికి ఏమీ దొరకదు, పంపడానికి దారి లేదు.

కాపీ-పేస్టుకి రెండు మెట్లు ఎక్కువ. కంట్రోల్-సీ, తర్వాత కంట్రోల్-షిఫ్ట్-సీ, అవతలి విండోలో కంట్రోల్-షిఫ్ట్-వీ, ఆపైన కంట్రోల్-వీ. మొదటి రెండు రోజులు వేళ్ళు తడబడ్డాయి. మూడో రోజుకి అలవాటైంది, పైగా ఏ గదిలోంచి ఏ గదిలోకి ఏం మోస్తున్నానో ప్రతిసారీ తెలుస్తోంది.

తెలుగు టైపింగ్‌కి ఒక పూట పోయింది. ప్రోగ్రాములు గదిలో కాదు, దాని వెనకుండే టెంప్లేట్‌లో (గదులకి మూసలాంటిది) వేయాలి, గదిలో వేస్తే రీస్టార్ట్‌కి మాయమవుతాయి. తెలుగు టైప్ చేయడానికి కావాల్సిన ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు టెంప్లేట్‌లో వేసి, పని, మెయిల్ గదులు లేవగానే ఐబస్ మొదలయ్యేలా పెట్టాను. బీరువాలో కావాలనే పెట్టలేదు. ఇన్‌పుట్ మెథడ్ అంటేనే మనం నొక్కే ప్రతి కీ దాని చేతులమీదుగా వెళ్ళడం, పాస్‌వర్డ్‌లున్న గదిలో దానికి పని లేదు.

18వ తేదీన... అంటే 18వ రోజున, ఒక దెబ్బ తగిలింది. డిస్పోజబుల్‌లో ఒక ఫైలు దిద్దుతూ, మధ్యలో దాన్ని కొత్త పేరుతో సేవ్ చేసి, ఆ కొత్తదానిమీదే పని కొనసాగించాను. ముగించి విండో మూశాను. డిస్పోజబుల్ నుంచి వెనక్కి వచ్చేది మొదట పంపిన ఫైలు ఒక్కటే, అదే పేరుతో. కొత్త పేరుది ఆ మెషీన్‌తోపాటే పోయింది. మూడు గంటల దిద్దుబాట్లు. అప్పటి నుంచి పద్ధతి మార్చాను: చూడటం మాత్రమే డిస్పోజబుల్‌లో, దిద్దడం నెట్ లేని పని గదిలో. పెద్ద క్లయింట్లకైతే ఒక్కొక్కరికి ఒక్కో గది.

20వ రోజు

మా అక్క వచ్చింది, ఏదో చూసుకోవాలని లాప్‌టాప్ అడిగింది. బజారు గది తెరిచి ఇచ్చాను. "ఈ ఎర్ర గీత ఏంట్రా?" అంది. "ఆ గదిలో మన సొంతవేవీ పెట్టం అక్కా, అందుకు గుర్తు" అన్నాను. కాసేపటికి తన బ్యాంకులోకి వెళ్ళాల్సి వచ్చి, పాస్‌వర్డ్ టైప్ చేయబోయి చెయ్యి ఆపి, "ఇది ఎరుపు కదా, ఇందులో కొట్టొచ్చా?" అని అడిగింది. నేనేమీ చెప్పలేదు, తనే ఆగింది. తనకో గది చేసి, దానికి తనకిష్టమైన ఊదా రంగు పెట్టాను.

23వ రోజు

వీడియో కాల్స్ దగ్గర మాత్రం ఇబ్బందే. గదులకి గ్రాఫిక్స్ కార్డు అందదు, వీడియో పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. కెమెరా యూఎస్‌బీ గదిలో ఉంటుంది కాబట్టి దాన్ని కాల్ ఉన్న గదికి తగిలించాలి, మైకు విడిగా తగిలించాలి. తగిలించాను, పని చేసింది, పది నిమిషాలకి ఫ్యాన్ హోరు, మాట తెగుతూ వచ్చింది. దీనితో కుస్తీ పట్టదల్చుకోలేదు. కాల్స్ అన్నీ సిల్వర్‌బ్లూ వేసిన పాత లాప్‌టాప్‌లోకి మార్చాను. దానిమీద క్లయింట్ల ఫైలు ఒక్కటి కూడా ఉండదు.

26వ రోజు

దొంగతనం భయం సంగతి చూశాను. రెండు లాప్‌టాప్‌ల డిస్కులూ లక్స్‌తో (లినక్స్‌లో డిస్కుకి వేసే తాళం) ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి. పాచికలు వేసి, 7776 మాటల జాబితాలోంచి ఆరు మాటలు తీసి పాస్‌ఫ్రేజ్ చేశాను, అలా చేస్తే సుమారు 77 బిట్ల బలం. తెలుగు మాటలు పెడదామనుకునేవాళ్ళు తెలుగు లిపిలో మాత్రం పెట్టకండి, డిస్కు పాస్‌ఫ్రేజ్ అడిగే సమయానికి ఇన్‌పుట్ మెథడ్ ఇంకా నిద్రలేవదు. లక్స్ హెడర్ (డిస్కు మొదట్లో తాళం వివరాలుండే భాగం) బ్యాకప్ కూడా తీశాను. ఆ కొద్ది మెగాబైట్లు పాడైతే పాస్‌ఫ్రేజ్ గుర్తున్నా డిస్కు తెరుచుకోదు.

క్యూబ్స్ బ్యాకప్ తీసి, వెరిఫై ఆప్షన్‌తో సరిచూశాను. పాసైంది.

31వ రోజు

మొదటి రోజు నేను రాసిన ఆ క్లయింటే మళ్ళీ పని పంపారు, కొత్త మెయిల్ ఐడీ నుంచి. 212 పేజీలు. డిస్పోజబుల్‌లో తెరిచాను, పేజీలు తిరగేశాను, మూశాను, పని గదిలోకి కాపీ చేసి దిద్దడం మొదలుపెట్టాను. ఫైలు అందిందని ఆయనకి ఫోన్ చేసి చెప్పాను.

ఒక్క పని మిగిలింది. ఈ లాప్‌టాప్ పోతే, చేతిలో క్యూబ్స్ నడిచే ఇంకో మెషీన్ లేకపోతే, బ్యాకప్ తెరవడం ఎలా? మామూలు లినక్స్‌లో ఎస్‌క్రిప్ట్ టూల్‌తో తెరిచే పద్ధతి క్యూబ్స్ డాక్యుమెంట్లలో ఉంది. ఆ పేజీని ప్రింట్ తీసి పెట్టుకున్నాను. ఈ ఆదివారం సిల్వర్‌బ్లూ లాప్‌టాప్‌కి బ్యాకప్ డిస్కు తగిలించి, ముందుగా బీరువా గదిని ఆ కాగితం చూస్తూ బయటికి తీస్తాను. అందులో 1,184 ఫైళ్ళున్నాయి, లెక్క రాసి పెట్టుకున్నాను.